దేవాంగపిల్లికా, అడవినాభికా?

చిట్టేరు కప్పు, చీకటిగది చిట్టా. రాసేది పెంచలమ్మ.

131వ రోజు

ఉదయం ఆరింటికి చీకటిగదిలో దీపాలు ఆర్పాను. మాకు తెల్లారితే వాటికి పొద్దుగూకుతుంది. పదకొండేళ్ల కిందట ఈ పనిలో చేరినప్పుడు గదిలో పగలూ రాత్రీ తలకిందులు చేసింది నేనే. లేకపోతే రాత్రంతా నేను మేలుకోవలసి వచ్చేది.

ఆరు దేవాంగపిల్లులూ లేచాయి. పేరులో పిల్లి ఉందిగానీ ఇవి కోతుల చుట్టాలు. గుప్పిట్లో పట్టేంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ముఖమంతా కళ్లే. తోక లేదు. సొట్టచెవి అనే ఆడదాని బరువు 291 గ్రాములు. కడుపుతో ఉంది. పిల్ల పెట్టడానికి ఇంకా ఐదు వారాలు పడుతుందని నా లెక్క.

చీమల డబ్బాలు రెండు పెట్టాను. తుంపర నీళ్ల వాటా నిన్నటిదాకా యాభై ఐదు లీటర్లు, ఈ రోజు నలభై. గాలిలో తేమ తగ్గితే వీటి ముక్కులు పగులుతాయి.

మధ్యాహ్నం నీటిసభ పెద్ద ఖైరున్ బీ నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి అడవినాభి మొక్కల ఇంటిని చూసుకునే కుళ్లాయప్ప చిన్నాయన అప్పటికే బెంచీ మీద కూర్చుని, చెప్పు విప్పి, వాచిన కాలి బొటనవేలిని చూసుకుంటున్నాడు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. మా ఊరి మీద వేసిన ఈ పెద్ద కప్పు కింద సగం మందికి ఆయన చిన్నాయనే.

"సముద్రం కాడ మన నీళ్ల గొట్టం చీలింది," అంది ఖైరున్ బీ. "అతికేదానికి ఎన్ని నెల్లు పడుతుందో చెప్పలేకుండారు. మనుషులకు తాగేదానికి చాలుతాయి. తుంపర గదులు రెంటికీ చాలవు. ఒగటి మూయల్ల."

"ఏది?" అన్నాడు కుళ్లాయప్ప.

"అది మీరే తేల్చల్ల. పెంచలమ్మా, నీ జంతువుల గురించి నువ్వు రాస్తే ఎవరు నమ్ముతారు? చిన్నాయనా, నీ మొక్కల గురించి నువ్వు రాసినా అంతే. అందుకని ముప్పై దినాలు గదులు మార్చుకోండి. ఆమె నాభి తరఫున రాస్తాది, నువ్వు దేవాంగపిల్లుల తరఫున రాయి. రాసిచ్చేదాకా ఎవరూ సొంత గదిలో కాలు పెట్టగూడదు. పెడితే ఆ గది వాటా రద్దు."

"మూసిన గదిలోవి ఏమైతాయక్కా?" అని అడిగాను.

ఆమె కాగితాలు సర్దుతూ చెప్పింది. "మొక్కలైతే ఎండుతాయి. నీవైతే నిద్రమందు."

132వ రోజు

ఒకరికొకరం పని అప్పగించుకోవడానికి అరగంట ఇచ్చారు. గట్టిగా మాట్లాడొద్దని, సబ్బు వాసనతో లోపలికి పోవద్దని ఆయనకు చెప్పాను. అవి తమ ఉచ్చతోనే చేతులూ కాళ్లూ తడుపుకొని కొమ్మ పట్టుకుంటాయి, ఆ కంపుకు ముఖం చిట్లించుకోవద్దన్నాను.

"మా ఇంట్లో మేకలుండేవిలే," అన్నాడు.

ఆయన నాకు రబ్బరు తొడుగులు ఇచ్చాడు. "దుంప తాకిన చేత్తో ముద్ద నోట్లో పెట్టుకున్నావంటే నీ పెండ్లినాడు తిన్నది గూడా బయటికొస్తాది. ఆటలాడొద్దు."

సొట్టచెవి పిల్ల పెట్టబోయే సంగతి ఆయనకు చెప్పలేదు. ఐదు వారాలుంది కదా అనుకున్నాను.

138వ రోజు

నాభి ఇంట్లో మూడు గదులు, నాలుగు వందల పది కుండీలు. తుంపర పంకా మోతకు పక్కన పిడుగు పడినా వినపడదు. ఈ మొక్క అడవి కంచెల్లో పాకేది. కప్పు కట్టకముందు వానలు మొదలు కాగానే ముళ్లపొదల్లో దానంతటదే లేచేదట. ఇక్కడ దానికి కట్టెలు పాతి, తాళ్లు కట్టి, చంటిబిడ్డకు చేసినట్టు చేయాలి.

మొదటి మూడు రోజులు నాకు ఏ ఆసక్తీ కలగలేదు. దేవాంగపిల్లయితే తల తిప్పుతుంది, ఈలవేస్తుంది, కోపమొస్తే కొరుకుతుంది. మొక్క ముందు ఎంతసేపు కూర్చుంటే మాత్రం ఏముంటుంది?

నాలుగో రోజు ఒక పువ్వుకు కుంచెతో పుప్పొడి అద్దుతుంటే నా రవిక చేతి అంచు దారం దేనికో తగులుకొంది. చూస్తే ఆకు. ఈ మొక్కకు ఆకు కొనే చెయ్యి. కొన సన్నగా సాగి, మెలి తిరిగి, దొరికినదాన్ని పట్టేస్తుంది. దారాన్ని రెండు చుట్లు చుట్టింది. విడదీయబోతే ఆకు చిరిగిందిగానీ పట్టు వదల్లేదు. సొట్టచెవి నిద్రలోనూ ఇట్లాగే కొమ్మను పట్టుకొని ఉంటుంది. వేళ్లు ఒక్కొక్కటిగా తీయాలి.

నీళ్లు: ముప్పై ఒకటి.

143వ రోజు

ఎండిన కాయలు ఆసుపత్రిలో ఇచ్చి వచ్చాను. ఈ గింజల నుంచీ దుంపల నుంచీ అక్కడ మందు తీస్తారు. తూకం కాస్త ఎక్కువైతే చంపుతుంది, సరిగ్గా ఇస్తే కాలివేలి వాపు దించుతుంది. పురుగుల పిండి తింటూ, కొలిచిన నీళ్లు తాగుతూ బతికే మా ఊళ్లో ఆ వాపు లేని ఇల్లు తక్కువ. మందు వాడేవాళ్లు రెండు వందల పన్నెండు మంది అని అక్కడి నర్సు చెప్పింది.

అక్కడ బల్ల మీద కప్పు మేస్త్రీ రెడ్డెప్ప ఉన్నాడు. నలభై మీటర్ల నిచ్చెనెక్కి కప్పు చిరుగులకు అతుకులు వేసే మనిషి. పాదం గుమ్మడికాయలా ఉంది. మీద దుప్పటి తగిలినా కేక పెడుతున్నాడు.

"ఎన్ని దినాలైంది ఎక్కక?" అని అడిగాను.

"నాలుగు. దక్షిణం పక్క రెండు చిరుగులుండాయి పెంచలమ్మా. వేడిగాలి లోపలికి కొడతాంది. మాత్రేసుకుంటే ఎల్లుండికి ఎక్కుతా." తర్వాత గొంతు తగ్గించాడు. "నీ కోతిపిల్లలు మంచివే. మా పాప బొమ్మలేస్తాది వాటివి. కానీ..."

దుప్పటిని పాదం మీంచి పక్కకు నెట్టుకున్నాడు.

147వ రోజు

పోలిక రాయడం మొదలుపెట్టాను.

దేవాంగపిల్లి పగలంతా ముడుచుకొని ఉండలా పడుకుంటుంది. తెలియనివాళ్లు చచ్చిందనుకుంటారు. నాభి ఏడాదిలో సగం మట్టి కింద నాగలి ఆకారపు దుంపగా పడి ఉంటుంది. దాన్నీ చచ్చిందనే అనుకుంటారు. దేవాంగపిల్లి విషపు పురుగుల్ని కూడా నమిలి అరిగించుకుంటుంది. నాభి తన విషాన్ని తానే చేసుకుంటుంది. పువ్వు మొదటి రోజు ఆకుపచ్చ, తర్వాత పసుపు, వారానికి నిప్పురంగు. దేవాంగపిల్లి చిన్నప్పుడు ఏ రంగో చచ్చేదాకా అదే రంగు.

ఇంతవరకు రాసి ఆపేశాను. ఇవన్నీ నిజమే. నీళ్లు ఎవరికివ్వాలో మాత్రం వీటిలో ఏదీ చెప్పదు. చెప్పగలిగింది ఒకటే: రెడ్డెప్పను నిచ్చెన ఎక్కించగలిగేది నాభే, దేవాంగపిల్లి కాదు.

ఆ వాక్యం రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను.

150వ రోజు

గొట్టం రెండోచోట చీలింది. సభవాళ్లంతా ఉదయాన్నే అక్కడికి పోయారు. నాభి ఇంటి వాటా ఇరవై నాలుగు లీటర్లకు దిగింది. మూడో గది ఆకుల చివర్లు మాడుతున్నాయి.

పదకొండు గంటలప్పుడు లోపలి గదిలో కుండీలు జరుపుతున్నాను. పంకా మోతలో ఏమీ వినపడలేదు. భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి తిరిగాను. కుళ్లాయప్ప చిన్నాయన. కుంటుకుంటూ మూడు గదులూ దాటి వచ్చాడు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండో చెయ్యి చొక్కాలో ఉంది.

"సొట్టచెవి పిల్ల పెట్టింది," అన్నాడు. "నిన్న. మంచిగనే ఉండె. ఇప్పుడు చూస్తే దీన్ని ఒంటరిగా కొమ్మకు తగిలించి ఎటో పోయింది. మూడు గంటలాయె. రాలేదు. ఆఫీసులో ఎవరూ లేరు. బయట తలుపు కొట్టినా, నీకు వినపడలా. సచ్చిపోతాదేమోనని తీసుకొచ్చినా."

చొక్కాలోంచి తీశాడు. నా బొటనవేలంత పిల్ల, ఆయన చొక్కా దారాల్ని రెండు చేతులతో పట్టుకొని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నా ఐదు వారాల లెక్క తప్పింది. తప్పు నాదే. ఆ జాతి తల్లులు మేతకు పోతూ పిల్లను కొమ్మ మీద పెట్టి పోతాయని, దీపాలు వెలిగే వేళకు తిరిగొస్తాయని, ఆ ఒక్క మాట నేను ఆయనకు చెప్పి ఉంటే చాలు.

"తల్లి వదిలేయలేదు చిన్నాయనా. పనికి పోయింది, అంతే. నువ్వు తెచ్చేసినావు."

ఆయన తన అరచెయ్యి మూచూసుకున్నాడు. "ఇప్పుడు నా వాసనొస్తాది కదా దీనికి."

"వస్తాది. సొట్టచెవి పడుకునే కొమ్మ బెరడు ఉచ్చతో తడిగా ఉంటాది. దాన్ని గీకి పిల్ల ఒంటికి రుద్దు. నోటికీ కంటికీ తగలనీయొద్దు. ఏ కొమ్మ మీద దొరికిందో ఆ కొమ్మకే పట్టించు. తర్వాత బయటికొచ్చి తలుపు మూసేయ్. పిల్ల ఈలేసినా లోపలికి పోవద్దు."

"నువ్వు రాకూడదా?"

నా కాళ్లు అప్పటికే తలుపు వైపు తిరిగాయి. నేను చీకటిగదిలో కాలు పెడితే దాని వాటా రద్దు. నాభి ఇంట్లో కాలు పెట్టి ఆయన అప్పటికే తన వాటా పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆయన చుట్టూ ఉన్న కుండీల వైపు చూశాడు, మాడిన ఆకుల వైపు చూశాడు. పిల్లను చొక్కాలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరింటికి నీళ్ల పంపు దగ్గర కనిపించాడు.

"వచ్చింది," అన్నాడు. "దీపాలు వెలిగే ముందు. తలుపు సందులోంచి చూసినా. మొదట పిల్లను మూచూసి దూరం పోయింది. నాకు గుండె ఆగిపోయె. మళ్లీ వచ్చి కడుపుకు కరిపించుకొని పోయింది."

"నువ్వు నాభి ఇంట్లోకి వచ్చిన సంగతి చిట్టాలో రాయల్ల చిన్నాయనా."

"రాయి. చూసినోళ్లే రాయకపోతే ఇంగ చిట్టా ఏమిటికి?"

రాస్తున్నాను. ఈ పేజీ వల్ల లాభపడేది నేనే. అది కూడా రాస్తున్నాను.

163వ రోజు

సభ. తొమ్మిది మంది సభ్యులు. హాలు నిండిపోయి, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు.

ఖైరున్ బీ మొదట నా చిట్టాలోని 150వ రోజు పేజీ చదివింది. "కట్టుబాటు ప్రకారం నాభి ఇంటి వాటా రద్దు. ఇంగ పోలికలు చదివే పనే లేదు," అంది.

హాల్లో గొణుగుడు లేచింది. రెడ్డెప్ప వెనక వరుసలో గోడకు ఆనుకొని ఉన్నాడు. కుళ్లాయప్ప నేల చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అక్కా, ఆ కట్టుబాటు దొంగతనం జరగకూడదని పెట్టినారు. ఆయన తన మొక్కలకు దొంగగా నీళ్లు పోసేదానికి రాలేదు. నా జంతువు సచ్చిపోతాదని వచ్చినాడు. దానికోసం ఆయన మొక్కల్ని ఎండబెడితే నేను రేపు ఆ గదిలో ఏ ముఖం పెట్టుకొని కూర్చుంటాను? పోలికలు చదవండి."

చదివారు. నాది నాలుగు పేజీలు. చివరి వాక్యం రెడ్డెప్ప నిచ్చెన గురించి.

కుళ్లాయప్పది అర పేజీ. ఆయన ఇట్లా రాశాడు: "నేను ముప్పై ఏండ్లు మొక్కలతో ఉన్నాను. మొక్క నా చెయ్యి ఎరుగుతుంది. ఈ జంతువుకు నాతో పనే లేదు. దీని వల్ల మనకు మందు రాదు, తిండి రాదు. మనకు ఉపయోగం లేనిదాన్ని చంపుతూ పోతే ఏదో ఒక రోజు నిచ్చెనెక్కలేని ముసలోళ్ల వరస వస్తుంది. ఆ వరసలో మొదట నేనుంటాను."

ఆ తర్వాత చేతులెత్తారు. నాభికి ఏడు, దేవాంగపిల్లికి రెండు.

నేను కూర్చోలేదు. "నిద్రమందు వద్దక్కా. వానలు మొదలైనాయి. పడమటి కొండ మీద చండ్ర చెట్లు బతికే ఉండాయి, చీమలుండాయి. బయట వదులుతాను. సంకేతాలు పంపే మెడపట్టీలు, పాత చెక్‌పోస్టు గది, నలభై దినాలు. అంతే నేనడిగేది."

"బయట బతకవని పదకొండేండ్లుగా రాస్తాండేది నువ్వే కదా."

"రాసినా. వదిలి చూడలేదు."

ఖైరున్ బీ సభ్యుల వైపు చూసింది. ఎవరూ కాదనలేదు.

170వ రోజు

పడమటి కొండ చెక్‌పోస్టు. ఈ రోజు నుంచి చిట్టా ఇక్కడే.

సాయంత్రం ఐదున్నరకు వదిలాను. ఆరు పెద్దవాటికీ మెడపట్టీలున్నాయి. పిల్ల తల్లి పొట్టకు అతుక్కొని ఉంది. బుట్ట తలుపులు తీసినా పది నిమిషాలు ఒక్కటీ కదల్లేదు. ముందు సొట్టచెవి బయటికొచ్చింది. ఒక చేత్తో చండ్ర కొమ్మను పట్టుకొని, రెండో చెయ్యి బుట్ట నుంచి తీయడానికి చాలాసేపు ఆలోచించింది.

176వ రోజు

ఒక మగదాని సంకేతం మూడు రోజులుగా ఒకేచోట నుంచి వస్తోంది. వెళ్లి చూస్తే రాయి కింద మెడపట్టీ, కొన్ని వెంట్రుకలు. గుడ్లగూబ పనై ఉంటుంది. కప్పు కింద గుడ్లగూబలు లేవు. పైకి చూడాలని వాటికి నేను నేర్పలేదు.

181వ రోజు

రెండు రోజులు వాన ఆగింది. గాలి నలభై నాలుగు డిగ్రీలు. ఇంకొకటి పోయింది. ఈసారి ఒళ్లు దొరికింది, చెట్టు మొదట్లో ఉండలా ముడుచుకొని. నిద్రపోతోందనుకొని కాసేపు దూరంగా నిలబడ్డాను. 204 గ్రాములు. మట్టి తీసి పాతిపెట్టాను.

కప్పు నుంచి నీళ్లు తెచ్చేవాడితో కుళ్లాయప్ప చిన్నాయన చీటీ పంపాడు. మూడో గది కోలుకుందని, రెడ్డెప్ప చిరుగులు అతికాడని రాశాడు. కింద ఇంకో మాట: "నీవి ఎట్లుండాయి?"

చీటీ మడిచి చిట్టాలో పెట్టాను.

190వ రోజు

వాన. నాలుగు సంకేతాలూ కదులుతున్నాయి. నేను పెట్టిన చీమల డబ్బాలు ఐదు రోజులుగా ముట్టలేదు. పాడైనాయేమోనని మార్చి పెట్టాను. ముట్టలేదు.

వేకువన సొట్టచెవి కనిపించింది, గదికి ఇరవై అడుగుల దూరంలో. పిల్ల ఇప్పుడు వీపు మీద ఉంది. నా చేతి దీపం వైపు తిరిగి చూసి, కొమ్మ వెనక్కి జరిగింది. కప్పు కింద అది నన్ను చూసి ఎన్నడూ వెనక్కి జరగలేదు.

196వ రోజు

రేడియోలో ఖైరున్ బీ.

"గొట్టం అతికినారు పెంచలమ్మా. నిన్నటి నుంచి నీళ్లు నిండుగా వస్తాండాయి. నీ గదికి వాటా రాయించినా. పట్టుకోని రా."

ఆ మాట కోసమే నేను నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. విన్నాక రేడియోను బల్ల మీద పెట్టి, కిటికీలోంచి చండ్ర చెట్ల వైపు చూశాను.

"వింటాండావా?"

"వింటాండా. రెండు దినాలు ఇయ్యక్కా."

పట్టడం కష్టం కాదు. మెడపట్టీ సంకేతం వెంట పగలు పోతే, నిద్రలో ఉన్నవాటిని వేళ్లు విడదీసి బుట్టలో పెట్టొచ్చు. ఒక్క రోజు పని.

198వ రోజు

ఉదయం బుట్ట తీసుకొని బయల్దేరాను. చండ్ర తోపులో సొట్టచెవి దొరికింది. తల్లీపిల్లా ఒకే ఉండగా నిద్రపోతున్నాయి. పిల్ల చెయ్యి తల్లి మెడ వెంట్రుకల్లో ఉంది. చుట్టూ కొమ్మల మీద పురుగుల రెక్కల తునకలు. ఒళ్లు నిండుగా ఉంది. తూచకపోయినా మూడు వందలకు తక్కువుండదని తెలుస్తోంది.

ఒక వేలు పట్టుకున్నాను. విడదీయలేదు. వదిలేసి తిరిగొచ్చాను.

రేడియోలో చెప్పాను. "పట్టుకోను అక్కా."

"ఎండాకాలం వస్తాది. అప్పుడు సస్తే?"

"సస్తే నేను వదిలినవే సచ్చినట్టు. నా పేరే రాసుకో."

గరగర శబ్దం మధ్య ఆమె గొంతు వినపడింది. "చీకటిగది ఏం చేయమంటావు మరి?"

"చిన్నాయనకు ఇయ్యండి. నాభికి నాలుగో గది కావల్లంటాండె."

"నువ్వు?"

"కుండీలు మోసేదానికి ఆయనకు మనిషి కావల్ల కదా."

209వ రోజు

మెడపట్టీల బ్యాటరీలు ఇంకో రెండు మూడు రోజులుంటాయి. గది ఊడ్చాను, సామాను కట్టాను. నీళ్ల బండి మధ్యాహ్నం వస్తుంది.

ఉదయం చివరిసారి యాంటెన్నా తిప్పాను. నాలుగు సంకేతాలూ కొండ అవతలి వైపు నుంచి, ఇంతవరకు నేను పోని లోయ నుంచి వచ్చాయి. వాటిలో రెండు దగ్గరదగ్గరగా ఉన్నాయి, మిగతావి దూరందూరంగా. శిఖరం ఎక్కితే ఇంకా బాగా వినపడేవి. ఎక్కలేదు. యాంటెన్నా మడిచి పెట్టెలో పెట్టాను.